చేతిలోని సుద్దముక్క

జూన్ నెల మొదటి వాన పడగానే ఆ కొండల్లోని బళ్లు ఒక్కొక్కటీ ఒక్కో దీవి అయిపోతాయి. మధ్యలో పొంగే వాగులు, తడిసి నల్లబడిన పోకతోటలు, పొగలా దిగివచ్చి పైకప్పుల మీద పడుకునే మబ్బులు. ఒక బడి, ఒక గది, ఐదు తరగతులు, ఒక్క మనిషి. ఆ మనిషికి జ్వరం వస్తే బడికి వచ్చినట్టే. ఆ దీవుల మధ్య తెప్పలా తిరిగేవాడు బొమ్మయ్య మాస్తరు.

ఆయన పుట్టింది కింద, సముద్రం ఒడ్డున, ఉప్పుమళ్ల పక్కన. తండ్రి ఉప్పు పండించినవాడు. కుర్రతనంలోనే ఈ కొండల మీద మాస్తరుగా చేరి, తల నెరిసేదాకా ఒంటరి బళ్లలోనే పనిచేసి, చివరికి వాటన్నిటినీ చూసివచ్చే ఉద్యోగానికి ఎక్కాడు. పై అధికారుల లెక్కలో ఆ ఉద్యోగం పేరు తనిఖీ. వెళ్లాలి, వెనక కూర్చుని పాఠం చూడాలి, అచ్చుకాగితంలో గళ్లు నింపాలి, రావాలి. ఆ చూడటమే బొమ్మయ్య మాస్తరుకు గిట్టదు. తన బడికి వెనకటి అధికారులు వచ్చి చూసిన చూపులు ఇప్పటికీ ఆయన వీపు మీద చీమల్లా పాకుతూనే ఉన్నాయి.

అందుకని తనకొక పద్ధతి పెట్టుకున్నాడు. బడి వసారాలో తడిసిన రెయిన్‌కోటు కొక్కేనికి తగిలిస్తాడు. జేబులోంచి ఉప్పుపొట్లం తీసి పిక్కలకు పట్టిన జలగల మీద చల్లుతాడు. అవి రాలిపడ్డాక లోపలికి వచ్చి, పాఠం చెబుతున్న మనిషి ముందు అరచెయ్యి చాపుతాడు.

"ఆ సుద్దముక్క ఇలా ఇవ్వండి. ఒక గంట ఈ బడి నాది. మీరు బయటికెళ్లండి. ఏం చేస్తారో నేనడగను."

ఒంటరి బడిలో పనిచేసినవాళ్లకే తెలుస్తుంది ఆ గంట విలువ. కొందరు వంటగదిలో పొయ్యి పక్కన ముడుచుకుని నిద్రపోయేవారు. ఒకావిడ వాగుదాకా వెళ్లి ఊరికే నీళ్లు చూసి వచ్చేది. అడవి అంచు బడిలోని ఈరప్ప మాస్తరు మాత్రం ప్రతిసారీ పేచీ పెట్టేవాడు.

"గంటలో కల సగం కూడా అవదు సార్. రేపు కూడా రండి, మిగతా సగం చూసుకుంటాను."

"రేపు ఇంకొకరి కలండీ. మీ సగం మీరే ఊహించుకోండి."

చవితి ముందు ఆయన సంచీలో చక్కిలాలుండేవి. కరెంటు పోయి వారాలు గడిచే శ్రావణంలో కొవ్వొత్తులుండేవి, వాటితోపాటు ఒక దీవి కబుర్లు ఇంకో దీవికి: ఫలానా మాస్తరు పెళ్లి కుదిరింది, ఫలానా అక్కోరు పిల్లకి పళ్లొస్తున్నాయి. ఆ వైపు ఆడ టీచర్లను అక్కోరు అంటారు. పోకలు కోతకొచ్చి పిల్లలు బడి ఎగ్గొట్టే రోజుల్లో, ముఖాలు వేలాడేసిన మాస్తర్లను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. పరీక్షల ఎండల్లో సీసాలో పుల్లటి కోకం పండ్ల షర్బతు తెచ్చేవాడు. "నేను తనిఖీ చేసేది ఒకటే, మీరు అన్నం తింటున్నారా లేదా" అనేవాడు.

ఇంట్లో భార్య లీలావతి దెప్పేది. "లోకంలో అందరికీ గంట దానం చేస్తారు. నా చేతిలోంచి గరిటె తీసుకుని, కాసేపు కూర్చోవే అన్న పాపాన ఎప్పుడైనా పోయారా?"

ఆ ఏడాది జోగిబైలు బడికి శివలీల అని కొత్త అక్కోరు వచ్చింది. కొండలకు అవతల, తూర్పున, నల్లరేగడి నేలల ఊరు ఆమెది. జొన్నచేల మీద ఆకాశం ఈ చివరినుంచి ఆ చివరికి కనబడే చోటునుంచి, నెత్తిమీద చెయ్యెత్తితే మబ్బు తగిలే చోటికి వచ్చిపడింది. జుట్టు ఆరదు, బట్ట ఆరదు, గోడలకు పచ్చని నాచు. మొదటిసారి బొమ్మయ్య మాస్తరు వెళ్లినప్పుడు ఆమె సుద్దముక్క మారుమాట లేకుండా ఇచ్చేసి, వసారాలో స్తంభానికి ఆనుకుని వాన చూస్తూ నిలబడింది. లోపల ఆయన బల్లను మద్దెలలా వాయిస్తూ ఏడో ఎక్కం పాడించాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. గంట అయ్యాక చూస్తే ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంటి బెంగ, అనుకున్నాడు ఆయన.

మరుసటిసారి జొన్నపిండి వెతికి తెచ్చాడు. ఆ తర్వాతిసారి గంట బదులు పూటంతా తానే చెప్పాడు. వెళ్లిన ప్రతిసారీ ఆమె ఇంకాస్త చిన్నదైపోతున్నట్టు కనిపించేది. పాపం, ఇంకా విశ్రాంతి కావాలి, అనుకున్నాడు.

దసరా సెలవులకు కొన్నాళ్ల ముందు మళ్లీ వెళ్లాడు. చెయ్యి చాపాడు. ఆమె సుద్దముక్క ఇవ్వలేదు. గుప్పిట బిగించింది.

"పిల్లలూ, పద్యం చూసుకోండి" అని వసారాలోకి నడిచింది. ఆయన వెనకే వెళ్లాడు.

"సర్, ఒక మాట అడగనా? వచ్చిన ప్రతిసారీ ఇది నా చేతిలోంచి ఎందుకు తీసుకుంటారు?"

"మీకు కాస్త ఊపిరాడుతుందని అక్కోరూ. ఒక్కరే అన్ని తరగతులూ..."

"మా వైపు కోడలు రొట్టె తడుతుంటే అత్త వచ్చి పిండిముద్ద చేతిలోంచి తీసుకుందంటే, పాపం అలిసిపోయిందని కాదు సర్. నీకు చేతకాదని. నోరు తెరవకుండా నలుగురి ముందూ అనే మాట అది."

చూరునుంచి నీళ్లు తీగల్లా దిగుతున్నాయి.

"మీరు వెళ్లాక పిల్లలు ఒకటే పాట. మద్దెల మాస్తరు మళ్లీ ఎప్పుడొస్తారు, మద్దెల మాస్తరు మళ్లీ ఎప్పుడొస్తారు. తప్పు వాళ్లది కాదు. మీరు చెబితే నవ్వుతారు. నేను చెబితే రాసుకుంటారు, అంతే. నాకు రాదని నాకూ అర్థమైంది." ఆమె గొంతు వణకలేదు. అదే ఆయనను భయపెట్టింది. "దసరాకి ఊరెళ్తున్నాను. మళ్లీ రాను. మా అన్నకి చెప్పేశాను. మీ కాగితంలో ఏం రాసుకుంటారో రాసుకోండి."

ఆ రోజు ఆయన పాఠం చెప్పలేదు. కాగితమూ నింపలేదు. కొండ దిగుతుంటే పిక్కకు పట్టిన జలగ సంగతి కూడా ఇంటికి వచ్చాక లీలావతి చూసి చెబితే తెలిసింది.

ఆమె పొయ్యి దగ్గర పల్చటి దోసెలు పోస్తోంది. ఆయన పీట మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు.

"ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది?" అంది లీలావతి.

"నువ్వే కదా అన్నావు, నా గరిటె ఎప్పుడైనా తీసుకున్నారా అని."

"వేళాకోళానికన్నాను. నిజంగా నా పెనం ముట్టుకుంటే ఊరుకుంటానా?" పిండి గిన్నె వంచి, పెనం మీద తెల్లగా జారవిడిచింది. "ఇన్నేళ్లయింది. నేను దోసె పోస్తుంటే ఒక్కసారైనా చూశారా మీరు? తింటారు. పేపర్లో తలపెట్టి తింటారు. బాగుందనీ అంటారు, కాదనను. చూశారా అని అడుగుతున్నాను."

బొమ్మయ్య మాస్తరు చేతిలో పేపరు పక్కన పెట్టాడు. చూశాడు. పిండి పరుచుకున్న చోట ముందు చిన్న చిన్న కళ్లు తెరుచుకున్నాయి. ఆ కళ్లలోంచి ఆవిరి లేచింది. అంచు పొడిబారి, పూరేకులా మెల్లగా పెనాన్ని వదిలి పైకి లేచింది. లీలావతి వేలిచివర సరిగ్గా ఆ క్షణానికే అక్కడుంది.

"అలా గుడ్లప్పగించి చూడమన్లేదు" అంది ఆమె. దోసె ఒక పక్క మాడింది.

ఆ రాత్రి ఆయనకు ఒక సంగతి తేలింది. తనను వెనకటి అధికారులు చూడలేదు. తప్పుల కోసం వెతికారు. వెతకడం వేరు, చూడటం వేరు. ఒంటరి బడిలో మాస్తరు పొద్దున్నుంచి సాయంత్రందాకా చేసిన పనికి సాక్షిగా పెద్దవాళ్లెవ్వరూ ఉండరు. మంచి పాఠం చెప్పిన రోజూ, చెడ్డ పాఠం చెప్పిన రోజూ ఒకేలా చీకటిపడుతుంది. వెళ్లిన ప్రతిసారీ ఆ పిల్లను బయటికి పంపి, చూడాల్సినదాన్నే తాను తలుపు బయట నిలబెట్టాడు.

సెలవులకు ముందురోజు తెల్లవారగానే బయల్దేరాడు. హస్త కార్తె వాన ఒక్కో కొండ మీద ఒక్కో ఆటగా కురుస్తోంది. జోగిబైలు చేరేసరికి ప్రార్థన అవుతోంది. శివలీల ఆయనను చూసి నిట్టూర్చింది. మూలనున్న ఆమె ట్రంకుపెట్టెకు అప్పుడే తాడు కట్టి ఉంది. ఆమె తానే సుద్దముక్క చాపింది.

"అక్కర్లేదు అక్కోరూ. ఇవాళ నేను పాఠానికి వచ్చాను."

వెనక వరసలో పిల్లల చెక్కపీట మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. పిల్లలు గొల్లుమన్నారు.

"మాస్తరూ, మద్దెల వాయించరా?"

"ఇవాళ నాదీ ఒకటో తరగతే. పలక లేదు, ఎవరిదైనా అప్పివ్వండి."

మొదటి గంట నరకం. ఆమె మాటలు కర్రల్లా బిగుసుకున్నాయి. ఆయన చేతులు బల్ల మీద దరువు వెయ్యడానికి దురదపెట్టాయి. వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మెల్లమెల్లగా ఆమె ఆయనను మరిచిపోయింది. ఐదో తరగతికి లెక్క రాసి, అది వాళ్లు చేసేలోపు ఒకటో తరగతి పిల్ల చెయ్యి పట్టి అక్షరం దిద్దిస్తూ, తల తిప్పకుండానే మూడో తరగతి వాడి తప్పు చదువును సరిచేస్తోంది. నీళ్లలో చేపలా వరసల మధ్య తిరుగుతోంది.

మధ్యాహ్నానికి ముందు వాన విరుచుకుపడింది. ఆ గది పైకప్పు రేకులది. రేకుల మీద కొండవాన పడితే పక్కవాడి అరుపు పక్కవాడికి వినబడదు. అలాంటప్పుడు ఈ కొండల్లో ఏ మాస్తరైనా పుస్తకాలు మూయించేస్తాడు. ఆయనా తన కాలమంతా అదే చేశాడు. వాన వెలిసేదాకా బడి ఆగుతుంది.

శివలీల ఆపలేదు. ఆపవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

గుప్పిట ఎత్తింది. పిల్లలందరూ పలకలు ఒళ్లో పెట్టుకున్నారు. ఆమె వేళ్లు లేచాయి: ఏడు. రెండు చేతులూ గుణకారం గుర్తులా అడ్డంగా దాటాయి. మళ్లీ వేళ్లు: మూడు. పలకల మీద బలపాలు కదిలాయి. పలకలు లేచాయి. తప్పు రాసినవాడివైపు చూసి ఆమె రెండు కళ్లూ మూసుకుంది, నేను చూడలేదు, మళ్లీ రాసుకో అన్నట్టు. ఒప్పయితే ముక్కుపుడక తాకింది. ఆ హోరులో, ఆ చీకటిలో, ఒక్క మాట లేకుండా గదంతా వెలిగింది. అందరికంటే ముందు లేచిన పలక సోమిది. ఇంట్లో కొంకణి తప్ప మరో మాట వినని పిల్ల, గోడవారగా కూర్చునే పిల్ల. వానలో ఎవరికీ భాష లేదు. అందుకని సోమికి కొరతా లేదు.

బొమ్మయ్య మాస్తరు తప్పు రాశాడు. ఆమె ఆయనను చూసి కూడా కళ్లు మూసుకుంది. ఆ తర్వాత ఎవరిని చూసి మూసుకుందో గుర్తొచ్చి, నవ్వాపుకోలేకపోయింది.

సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. బాగా చెప్పారు అని ఆయన అనలేదు. ఆ మాట అచ్చుకాగితంలో కూడా ఉంటుంది.

"సోమి నాలుగుసార్లు అందరికంటే ముందు పలక ఎత్తింది అక్కోరూ. నేను మద్దెల వాయించినన్నిసార్లూ ఆ పిల్ల తల ఎత్తిందో లేదో నాకు తెలియదు. నేను నవ్వేవాళ్లనే చూశాను."

శివలీల గోరుతో వేలికంటిన సుద్ద గీకుతోంది.

"ఐదో తరగతి వాళ్లు మీలాగే మాట్లాడుతున్నారు. మీ వైపు మర్యాదకు అన్నట్టు మాట చివర 'రీ' అంటున్నారు. పశువులను కూడా 'రండిరీ' అని పిలుస్తున్నారేమో చూడాలి."

ఆమె పెదవి కదిలింది. "మా ఊళ్లో వాన పడితే తడవమని పిల్లలను బయటికి వదిలేవాళ్లు సర్. ఇక్కడ అలా వదిలితే నాలుగు నెలలు బడే ఉండదు. ఏం చెయ్యాలో తోచక వేళ్లు చూపించాను."

"అది మీరు కనిపెట్టిందే. ఇన్నేళ్లు ఈ కొండల్లో ఉండి నాకు తట్టలేదు."

ఆమె, చీకట్లోకి చూస్తూ, చాలా నెమ్మదిగా అడిగింది.

"ఇంకేం చూశారు?"

ఆయన చెప్పాడు. చూసినవన్నీ, గుర్తొచ్చిన వరసలో. లాంతరు వెలిగించాల్సిన వేళయినా ఆమె లేవలేదు. మళ్లీ వస్తారా అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, ఉప్పుపొట్లం ఆమె చేతిలో పెట్టాడు. "రేపు దిగేటప్పుడు జలగలుంటాయి" అన్నాడు.

సెలవులన్నాళ్లూ లీలావతి ఆయనతో పడలేకపోయింది. గేటు చప్పుడైతే లేచేవాడు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. "కూతురు కాన్పుకి కూడా ఇంత గాభరా పడలేదు మీరు" అంది.

బళ్లు తెరిచిన రోజు ఆయన వేరే ఎక్కడికీ వెళ్లలేదు. వానలు వెనకపట్టాయి. కొండదారి మీద ఎండ కొత్తనాణెంలా మెరుస్తోంది. వాగు దాటుతుండగా బడి కనిపించింది. తలుపు తెరిచే ఉంది, కానీ ఈ వైపునుంచి తలుపే కనిపిస్తుంది. లోపల ఎవరున్నారో కనబడదు. వంటావిడ తెరిచి ఉండవచ్చు.

వసారా మెట్టు మీద శివలీల నిలబడి ఉంది. జుట్టు విరబోసుకుని, తలనిండా నూనె పెట్టుకుని ఉంది. ఆయన దగ్గరికొచ్చేదాకా ఆగి, అరచెయ్యి చాపింది. అందులో దసరాకి బంగారమని పంచుకునే జమ్మి ఆకులు, ఎండినవి నాలుగు, వాటి మీద ఒక సుద్దముక్క.

"జమ్మి తీసుకోండి సర్. బంగారంలా ఉందాం."

ఆయన తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

"ఒక్క గంట" అంది ఆమె. "ఇన్నాళ్లకి ఎండ కాసింది. తల కడుక్కుని ఆరబెట్టుకోవాలి. పూటంతా అన్నారంటే ఒప్పుకోను."

"గంటకి ఒక్క నిమిషం ఎక్కువ చెప్పను అక్కోరూ."

బొమ్మయ్య మాస్తరు లోపలికి వెళ్లి బల్ల మీద దరువు అందుకున్నాడు. పిల్లలు నవ్వారు. ఈసారి ఆయన గోడవార చూశాడు. సోమి నవ్వలేదు. తలుపువైపు చూస్తోంది. తర్వాత మెల్లగా చెయ్యెత్తి, తనకొచ్చిన కొద్దిపాటి మాటలు కూడదీసుకుని అడిగింది.

"అక్కోరు ఎప్పుడొస్తారు రీ?"