చిన్నాన్న గ్యాసు బూరలు

నేను పాసయ్యాను. బీయస్సీ, కెమిస్ట్రీ ఆనర్సు. ముందు ఈ మాట రాసేస్తే గాని మిగతాది రాయడానికి చెయ్యి ఆడేలా లేదు. పరీక్షలు రెండుసార్లు వాయిదాపడి, ఫలితాలు ఇక రావని ఆశ వదిలేసుకున్నాక, ఒక మంగళవారం కాలేజీ గోడకి కాగితం అతికించారు. నా నంబరు మూడుసార్లు చూసుకున్నాను. నాలుగోసారి పక్కనున్న ముక్కూమొహం తెలియని అమ్మాయి చేత చదివించాను. ఆమె చదివి, "మీదేగా, ఎందుకేడుస్తున్నారు?" అని బెంగాలీలో నవ్వింది.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పట్టాల కింద కంకర కొట్టాడు. నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో లేత్ మీద పనిచేస్తాడు. అమ్మ సంతకం పెడుతుంది, అంతే. మాతోనే ఉండే పిన్ని, అంటే నాన్న తమ్ముడి భార్య, కీర్తనల పుస్తకం గడగడా చదువుతుంది, అవన్నీ కంఠతా వచ్చు కాబట్టి.

హౌరాలో లోకల్ రైలెక్కి, లిలువాలో దిగి, క్వార్టర్స్ లైను మొదట్లోనే అరవడం మొదలుపెట్టాను.

"ఏటే ఆ కేకలు? ఎవులైనా పోనారేటి?" అంటూ అమ్మ బయటికొచ్చింది.

"పాసయ్యానమ్మా!"

"దేన్లో?"

"అన్నిట్లో!"

పక్కింటి మామ్మ గోడ మీంచి తల పెట్టింది. "ఒలమ్మా, గుంట బీయే అయిపోనాదా? ఇక దీనికి మొగుణ్ణి లాటు సాయిబు ఇంట్లోనే ఎతకాల."

"బీయే కాదు మామ్మా, బీయస్సీ."

"అచ్చరాలు ఎక్కువున్నాయేటి? అయితే ఆ మొగుడు కూడా దొరకడు."

పిన్ని చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి నా చెంపలు రెండూ పట్టుకుంది. ఆవిడ కోసం నా దగ్గర ఇంకో కబురు కూడా ఉంది. పాసైన కబురు కంటే అదే పెద్దదని నాకనిపించేది. దాన్ని అప్పుడే చెప్పలేదు. అందరి ముందూ చెప్పాలని దాచుకున్నాను.

మా తెలుగు సంఘంలో ఒక పద్ధతుంది. ఇంట్లో మేలు జరిగితే కృతజ్ఞత కూడిక పెట్టాలి. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు, ఆయన్ని మేం అయ్యగారంటాం. మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు తమకేం చేశాడో ఉన్నదున్నట్టు చెప్పాలి. సాక్ష్యంలో అబద్ధమాడినవాళ్ళని మావాళ్ళు అంత సులువుగా మర్చిపోరు. శనివారం సాయంత్రం కూడిక అన్నారు. ఆ నాలుగు రోజులూ నేను సాక్ష్యం మనసులో రాసుకుంటూనే ఉన్నాను.

అది మా చిన్నాన్న గురించి.

చిన్నాన్న గ్యాసు బూరలు అమ్మేవాడు. టికియాపారాలో ఒక గది, ముందు చిన్న వాకిలి. చలికాలం ఆదివారాల్లో చిడియాఖానా, అంటే జూ గేటు దగ్గర, మిగతా రోజుల్లో మైదానంలో. దారం వదిలితే ఆకాశంలోకి పోయే బూర అంటే అప్పట్లో పిల్లలకి పిచ్చి. ఆ గ్యాసు ఎక్కడా కొనేది కాదు, ఇంట్లోనే చేసుకునేవాడు. ఎక్కడో పారేసిన పాత ఇనప సిలిండర్లో కాస్టిక్ సోడా, నీళ్ళు, సత్తు గిన్నెల మూతలు నరికిన ముక్కలు వేసి మూత బిగించేవాడు. కాసేపటికి సిలిండరు దానంతటదే వేడెక్కేది. చుట్టూ తడి గోనెసంచి కప్పి, మీద నీళ్ళు చల్లుతుండేవాడు.

"ఇది కడుపుతో ఉన్న ఆడదిరా," అనేవాడు నాతో. "ముట్టుకోకూడదు, ఇసిగించకూడదు."

నేను ఆడపిల్లనైనా ఆయనకి 'రా'నే.

నాకప్పుడు పదకొండేళ్ళు. సెలవులకి వాళ్ళింట్లో ఉన్నాను. చిన్నాన్న మూతలు కొనలేక అవస్థపడుతున్నాడని తెలిసి, ఆ ప్రమాదానికి ముందురోజు సాయంత్రం నాన్న టిఫిన్ క్యారియర్ తెచ్చాడు. పై గిన్నె తెరిస్తే లోపల వెండిలా మెరిసే తురుము. లేత్ కింద రాలే అల్యూమినియం, అదీ సత్తే. నేను పిడికిలితో తీసి వేళ్ళ సందుల్లోంచి జారవిడుస్తుంటే పిన్ని నా చెయ్యి మీద ఒకటేసి, ఆ గిన్నె తీసుకెళ్ళి లోపల ఒంపుకుంది.

మర్నాడు పొద్దున పిన్ని వాకిట్లో ఒక మూల బొగ్గుల పొయ్యి అంటించింది. చిన్నాన్న రెండో మూల సిలిండర్ దగ్గర కూర్చున్నాడు. ముందురోజు నింపినవి పాతిక బూరలు గదిలో పైకప్పుకి ఆనుకుని ఉన్నాయి, ఇంకో పాతిక కావాలి. నేను లోపల దారాలు తుంపుతున్నాను. సిలిండరు పేలిన శబ్దం వినబడలేదు. అది అందరూ అడుగుతారు, ఎంత శబ్దం వచ్చిందని. నాకు గుర్తున్నది చెవుల్లో నిశ్శబ్దం, తలుపు సందులోంచి తెల్లటి పొగ లాంటి ఆవిరి, పిన్ని నోరు తెరుచుకుని ఉండడం. ఆ నోట్లోంచి కూడా నాకేం వినబడలేదు.

చిన్నాన్న గురించి ఇంతకంటే రాయను.

బూరల సంగతి రాస్తాను. ఆయన్ని మట్టి చేసి ఇంటికొచ్చేసరికి అవి ఇంకా పైనే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. ఆయన నింపినవి, ఆయన ముడేసినవి. మర్నాటికి కాస్త కిందికి దిగాయి. జనం కూర్చుని ఏడుస్తుంటే తలల మీద, భుజాల దగ్గర, ఎవరో వంగి పలకరిస్తున్నట్టు కదిలేవి. తలుపు తీస్తే అన్నీ కలిసి అటు తిరిగేవి. ఆ సాయంత్రానికి నా ఎత్తుకి వచ్చాయి. ఒక ఎర్రది నా మొహానికి ఎదురుగా ఆగిపోయింది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అదే ఎత్తులో ఉంటుంది.

తర్వాత పిన్ని మా ఇంటికొచ్చేసింది. పొయ్యి అంటించడం మానేసింది. వంటంతా చేస్తుంది గాని నిప్పు మాత్రం అమ్మ చెయ్యాలి. ఎందుకంటే, పొయ్యి నిప్పు గ్యాసుకి అంటుకునే చిన్నాన్న పోయాడని అందరూ అనుకున్నారు. పోలీసులూ అలాగే రాసుకుపోయారు. ఎవరూ పిన్నిని తిట్టలేదు. అమ్మ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఒక గంట ఆగి అంటిస్తే ఏటైపోయేదో," అంది. ఆ ఒక్క మాటతో పదేళ్ళు గడిచిపోయాయి. క్రిస్మస్ ఆరాధనలో అందరి చేతుల్లో కొవ్వొత్తులు వెలుగుతుంటే పిన్ని చేతిలోది వెలగదు. పక్కవాళ్ళు అంటించబోతే చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

నేను కెమిస్ట్రీ ఎందుకు తీసుకున్నానని కాలేజీలో అడిగితే మార్కులొచ్చాయని చెప్పాను.

మొదటి ఏడాది ల్యాబులో గొట్టంలో హైడ్రోజన్, అంటే చిన్నాన్న బూరల్లో గ్యాసే, పట్టి మూతి దగ్గర మండే పుల్ల పెట్టమన్నారు. 'టప్' మంటుంది, అంతే. నేను గొట్టం జారవిడిచాను. మా మాస్టారు, ముసలి బెంగాలీ ఆయన, గాజు ముక్కలు తనే ఏరుతూ, "భయపడకమ్మా, ఈ గ్యాసు తనంతట తాను మండదు. గాలి కలవాలి. గాలి చొరని చోట నిప్పు కూడా చొరదు," అన్నారు. ఆయన చాలామందికి చెప్పిన మాటే అయ్యుంటుంది. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు.

మూడో ఏడాది ఆయనే ఆకాశంలో పోయే ఓడల గురించి చెప్పారు. మైదానమంత పొడుగు సంచులు, కింద మనుషులు కూర్చునే గదులు, అన్నాలు తినే బల్లలు. లోపలంతా హైడ్రోజనే. రెండో ప్రపంచయుద్ధానికి ముందు వాటిలో కొన్ని జనం చూస్తుండగానే మండి పడిపోయాయట. హీలియం అని ఇంకో గ్యాసుంది, ఎత్తడంలో హైడ్రోజన్ కంటే కాస్తే తక్కువ, ఏం చేసినా మండదు. కానీ అది అమెరికా వాళ్ళ దగ్గరే బాగా దొరికేది, వాళ్ళు ఇవ్వలేదు. మన బీర్భూంలో బక్రేశ్వర్ వేడినీటి గుండాల్లో పైకొచ్చే బుడగల్లో కూడా అది కొంచెం ఉందట. మాస్టారు ఆ మాట అన్నప్పుడు క్లాసులో చెయ్యెత్తి అరవాలనిపించింది. నాలుగైదు గంటల ప్రయాణం! మంటంటుకోని గ్యాసు, మా బెంగాల్లోనే, నీళ్ళలో ఊరికే పైకొచ్చి పోతోంది!

ఆ రోజు హౌరా బ్రిడ్జి మీద నడుస్తూ మొత్తం లెక్క కట్టుకున్నాను. సిలిండరు మూత బిగించి ఉంది. టాపు కట్టేసి ఉంది. లోపల గ్యాసు, బయట గాలి, మధ్య ఇనుము. వాకిలి అవతలి మూలనున్న పొయ్యి నిప్పు లోపలికెలా పోతుంది? పైగా ఆ రోజు సిలిండరుకి పైన తీగ మీద ఆరేసిన పిన్ని నూలుచీర ముక్కలు ముక్కలుగా చిరిగింది గాని ఎక్కడా మాడలేదు. ఆ చీర నాకు బాగా గుర్తు, తర్వాత దాంతో మా ఇంట్లో మసిగుడ్డలు చేశారు. మంటే లేదు. పొయ్యి తప్పు కాదు. పిన్ని తప్పు కాదు.

ఇదీ నా కబురు.

శనివారం మా ముందుగదిలో చాప మీద పాతికమంది కూర్చున్నారు. అయ్యగారు ప్రార్థన చేసి, "చెప్పమ్మా," అన్నారు. లేచాను. దేవుడికి స్తోత్రం చెప్పి, నంబరు చూసుకున్న సంగతి చెప్పి నవ్వించి, అక్కణ్ణుంచి నేరుగా చిన్నాన్న దగ్గరికి వచ్చేశాను. ఓడలు, హీలియం, గాలి, ఇనుము, చీర, అన్నీ చెప్పాను. "అది పొయ్యి వల్ల కాదు. మా పిన్ని ఏ పాపం ఎరగదు," అన్నాను.

పిన్ని నా వైపు చూస్తోంది. పదేళ్ళలో ఆవిడ మొహం అలా తెరుచుకోవడం చూళ్ళేదు.

"మరెందుకు పేలినాదే?" అంది మెల్లిగా.

మాస్టారు ప్రశ్న అడిగితే ఎలా లేచి చెప్తానో అలా చెప్పేశాను. "లోపల గ్యాసు ఒక్కసారిగా తయారైపోయుంటుంది పిన్నీ. సిలిండరు పాతది, ఆపలేకపోయింది. మూతల ముక్కలైతే నెమ్మదిగా కరుగుతాయి. అదే సన్నగా తురుములా ఉంటే..."

అక్కడ ఆగాను. వేళ్ళ సందుల్లోంచి జారిన మెరుపు అప్పుడు గుర్తొచ్చింది. ఇంత లెక్క కట్టినదాన్ని ఆ ఒక్కటీ కట్టలేదు. నాన్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నా వైపు చూడలేదు, తన అరచేతులు చూసుకుంటున్నాడు.

పిన్ని లేచి నిలబడింది.

"తురుమేటి? ఆరోజు మూతలే ఏసినారు. నానే నరికిచ్చినాను," అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "గుంట సదువుకున్నాది గాని సిన్నపిల్ల గదా అప్పుడు, దానికేటి తెలుస్తాది? నిప్పు నాదే. కూకోయే."

సాక్ష్యం మధ్యలో, అయ్యగారి ముందు. నేను కూర్చున్నాను. అయ్యగారు కీర్తన ఎత్తుకున్నారు.

అందరూ వెళ్ళాక పిన్ని టీ గ్లాసులు ఏరుతోంది. నాన్న అక్కడే ఉన్నాడు.

"అబద్ధం ఎందుకాడినావమ్మా?" అన్నాడు.

"పదేళ్ళు మోసినాను బావగారూ. నాకలవాటైపోనాది. మీకు కొత్త."

నాన్న తల అడ్డంగా ఊపాడు. "కొత్త కాదమ్మా. సిలిండరు ముక్క ఆ రోజే సూసినాను. లోపల తురుము ముద్దగట్టి అంటుకునుంది. నాకు తెలుసు."

గ్లాసులు పిన్ని చేతిలోనే ఉన్నాయి. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడిపోయింది.

"తెలిసీ?" అంది పిన్ని.

"వర్క్‌షాపు మాల్ బయటికి తెచ్చినానని తెలిస్తే నౌకరీ ఉండదు. క్వార్టరు ఉండదు. ఈ గుంట సదువు..." నాన్న నా వైపు చెయ్యి చూపించాడు గాని ఇప్పుడు కూడా చూడలేదు. "సెప్దారని పెతీ ఏడూ అనుకున్నాను. పెతీ ఏడూ ఇదొక కలాసు పైకి పోయేది."

నా కబురు, నా నంబరు, నా కెమిస్ట్రీ. అవన్నీ ఆ పదేళ్ళ మౌనం మీద కూర్చుని చదివినవే.

పిన్ని గ్లాసులు కింద పెట్టింది. "మీకు తెలీదనుకుని అడ్డం పడ్డాను," అంది. "తెలిసే ఒగ్గేసినారంటే ఇక అడ్డం రాను. రేపు గుళ్ళో మీరే సెప్పండి."

"ఎవులైనా ఆఫీసులో ఊదితే?" అంది అమ్మ.

"ఊదనీ," అన్నాడు నాన్న.

మర్నాడు ఆదివారం, చర్చిలో ఆరాధన అయ్యాక నాన్న లేచాడు. ఎక్కువ మాట్లాడలేదు. తురుము తెచ్చింది నేను, తెలిసీ చెప్పనిది నేను, నా తమ్ముడి భార్య మీద నింద ఉండగా అన్నం తిన్నది నేను, అన్నాడు. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. పక్కింటి మామ్మ ముక్కు చీదింది. అమ్మ ముసుగు మొహం మీదికి లాక్కుంది. పిన్ని మాత్రం తల ఎత్తుకుని, ఒక్కొక్క మాటా తీసుకుని పక్కన పెట్టుకుంటున్నట్టు విన్నది.

బయటికొచ్చాక జనం నాకు అభినందనలు చెప్పాలో వద్దో తెలియక పక్కకి జరిగిపోతున్నారు. నాన్న ఒక్కడే ముందు నడుస్తున్నాడు, వెనక నుంచి చూస్తే చిన్నాన్నలాగే ఉన్నాడు. పై చదువులకి దరఖాస్తు కాగితాలు తెచ్చుకున్నాను, వాటిని చింపేస్తానని పిన్నితో అన్నాను.

ఆవిడ నడక ఆపింది.

"ఏటీ? సింపేస్తావా? ఇంత అయినాక మద్దిలో ఆపితే నానూరుకుంటానేటి? సదువు. ఎంతవరకూ ఉంటే అంతవరకూ సదువు."

నా జబ్బ పట్టుకుని నాన్న వెనకాలే నడిపించింది. ఆ పట్టుకి ఇంటికెళ్ళేదాకా నొప్పి తగ్గలేదు.