వెర్లిన్ చూపుడు వేలు

వెర్లిన్ స్టాడ్‌హైమ్‌కి తన కుడిచేతి చూపుడు వేలంటే వల్లమాలిన గర్వం. మోంటానా తూర్పు కొసన, గోధుమ పొలాల నడుమ ఉన్న ఆ చిన్న ఊళ్లో ధాన్యపు గిడ్డంగి యంత్రాలు బాగుచేస్తూ జీవితమంతా గడిపాడు. ఏ బేరింగు ఎప్పుడు చేటు తెస్తుందో ముట్టుకుని చెప్పేసేవాడు. రిటైరయ్యాక ఆ వేలు తూటాల పనిలో పడింది. ఇంట్లో పాతకాలపు సైన్యం వాడిన గరాండ్ రైఫిలు ఒకటుంది. దాన్ని కాల్చేది ఈయన కాదు, భార్య ఆర్డిస్. ఆమె గురికి ఆ చుట్టుపక్కల తిరుగులేదు. పేలిన ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి, కడిగి, సూది తగిలితే నిప్పు రాజేసే ప్రైమరు కొత్తది పెట్టి, మందూ గుండూ నింపి ఆమెకి అందించడం వెర్లిన్ సంసారధర్మం.

ఆ రైఫిలుకొక పాడుగుణం ఉంది. తూటా లోపలికెళ్లి, వెనక తలుపులాంటి బోల్టు ధడేల్‌మని మూసుకునేటప్పుడే, లోపలి సూది తూటా అడుగున ఉన్న ప్రైమరుని కాస్త తాకుతుంది. ప్రైమరు లోతుగా కూర్చుంటే ఏ గొడవా లేదు. వెంట్రుకవాసి పైకి ఉబికి ఉందా, బోల్టు బిగుసుకోకముందే తూటా పేలి, రైఫిలు వెనకభాగం కాల్చేవాళ్ల మొహం మీదికొస్తుంది. అందుకే వెర్లిన్ ప్రతి తూటా అడుగునూ వేలితో తడిమి చూసేవాడు. పక్కింటి లైల్ ఈ పనికే ఒక కొలత గేజి కొనుక్కుంటే ఊరుకున్నాడా?

"దేవుడిచ్చిన వేలుండగా ఇదెందుకురా? రేపు ముక్కు గోక్కోడానికి కూడా ఓ పరికరం కొంటావా?"

ఊరి తుపాకీ పోటీ రోజు పొద్దున ఆర్డిస్ తూటాల పెట్టె తీసుకుని లైల్‌తో ముందే కాల్పుల రేంజికి వెళ్లిపోయింది. వెర్లిన్ తీరిగ్గా బేకన్ వేయించుకుంటూ, పరధ్యానంగా పెనం ఇనప పిడిని గుడ్డ లేకుండానే పట్టుకున్నాడు. మాడు వాసన వచ్చింది. బేకన్ అనుకున్నాడు. చూస్తే తన వేలే.

నొప్పి లేదు. చక్కెర జబ్బు ముదిరితే చేతులూ కాళ్లూ మొద్దుబారతాయని డాక్టరు చెప్పినప్పుడు బుద్ధిగా తలూపి, బయటికొచ్చి యాపిల్ పై తిన్న మనిషి ఈయన.

పరుగున నేలమాళిగలోకి దిగాడు. బల్ల మీద ప్రైమరు పెట్టి వదిలేసిన తొడుగులు కొన్ని మిగిలాయి. ఒకటి తడిమాడు, నున్నగా ఉంది. గాజుపలక మీద నిలబెట్టాడు, నిలబడింది. ఇంకోటి తడిమాడు, అదీ నున్నగానే ఉంది. నిలబెడితే అడుగున ప్రైమరు ఉబికి అటూ ఇటూ ఊగింది. మళ్లీ తడిమాడు. నున్నగానే ఉంది!

చలికాలమంతా నింపిన తూటాలన్నీ ఈ వేలు మంచివని చెప్పినవే. ఇప్పుడవి ఆర్డిస్ చెంప పక్కన ఉన్నాయి.

రేంజి ఉన్న లోయలో ఫోను పనిచేయదు. ట్రక్కెక్కి మట్టిరోడ్డు పట్టాడు. గుట్ట దగ్గరికి రాగానే మోతలు వినిపించాయి. ప్రతి మోతకీ ఆమె మొహం కళ్లముందు మెదిలింది. మోతలు ఆగిపోతే పైప్రాణాలు పైనే పోయాయి. ఎందుకు ఆగాయి? దేవుడా, ఎందుకు ఆగాయి?

అందరూ బోర్లా పడుకుని తరవాతి వరసకి సిద్ధమవుతున్నారు. ఆర్డిస్ తూటాలు గుచ్చిన క్లిప్పుని బొటనవేలితో రైఫిల్లోకి నొక్కబోతోంది. ఆపమని అక్కడ ఎవరైనా అరవొచ్చు, అరిస్తే అందరూ ఆగి తీరాలి. కానీ ఎందుకు అరిచాడో నలుగురిలో చెప్పాలి. లైల్ ముందు చెప్పాలి. ఎన్నడూ సిగ్గెరగని ముసలాయన ఒక్క క్షణం సిగ్గుపడ్డాడు. ఆ తరవాత గొంతు చించుకుని అరిచాడు.

"ఆపండి! కాల్పులు ఆపండి!"

ఆర్డిస్ చెవుల మీది డిప్పలు తీసింది. "ఏంటి వెర్లిన్, కొంపేమైనా అంటుకుందా?"

"ఆ తూటాలు పెట్టకు. పక్కన పడెయ్. నా వేలికి స్పర్శ పోయింది ఆర్డిస్. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు."

లైల్ గేజి తెచ్చి ఆమె చేతిలోని క్లిప్పు విప్పి ఒక్కో తూటా చూశాడు. ఒకదాని ప్రైమరు ఉబికి ఉంది. దాన్ని విడిగా పెట్టాడు తప్ప ఒక్క వెటకారపు మాట కూడా ఆడలేదు.

ఆర్డిస్ ఆయన్ని ట్రక్కు దగ్గరికి నడిపించుకొచ్చి కూర్చోబెట్టింది.

"చెయ్యిలా చాపు. కళ్లు మూసుకో."

"చిన్నపిల్లల ఆటలా ఇప్పుడు?"

"మూసుకోమన్నానా!"

మూసుకున్నాడు. గాలి హోరు తప్ప ఏమీ వినిపించలేదు.

"తెలుస్తోందా?" అంది.

తెలియాలని ఎంతగానో కోరుకున్నాడు. కాసేపటికి నిజంగానే తెలిసింది. గరుకైన ఆమె బొటనవేలు, దాని వెచ్చదనం.

"ఆఁ, తెలుస్తోంది. వేలి కొస పట్టుకున్నావు. నొక్కుతున్నావు కూడా. చూశావా, పూర్తిగా పోలేదు!"

కళ్లు తెరిచాడు. ఆర్డిస్ ఏడుస్తోంది. ఆమె చేతులు రెండూ కోటు జేబుల్లోనే ఉన్నాయి.