బెటాలియన్ బాబాయికి ఒక కుర్చీ

బాబాయికి నలుగురికి మాత్రమే సరిపడా వండటం రాదు. కుర్రతనంలో సైన్యంలో వంటవాడిగా చేరి, మీసం నెరిసేదాకా అక్కడే గరిటె తిప్పిన మనిషి. పదవీ విరమణ చేసి ఇంటికొచ్చిన మర్నాడే భార్యని వంటింట్లోంచి పంపేశాడు. "ఇన్నేళ్ళూ నువ్వే చేసుకున్నావు, ఇక కాలు మీద కాలేసుకుని కూర్చో" అన్నాడు. ఆవిడ మురిసిపోయి కూర్చుంది. కాసేపటికి లేచి చూస్తే, నీళ్ళు కాచుకునే గంగాళం పొయ్యి మీదుంది, దాని నిండా బంగాళాదుంపల కూర కుతకుతలాడుతోంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

"యుద్ధమేమైనా వచ్చిందాండీ?" అని అడిగింది.

"తగ్గించే వేశానే" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఆ కూర వీధి వీధంతా తిన్నది. ఆనాటి నుంచి ఆయన అందరికీ బెటాలియన్ బాబాయి, ఆవిడ అందరికీ పిన్ని. చెయ్యి తగ్గించమని ఎంత చెప్పినా గోడకి చెప్పినట్టే ఉండేది. చివరికి పిన్నికి విసుగొచ్చి, ఆయన మారడు గనక ఇల్లే మారాలని తీర్మానించింది. ముందు గదిలో బల్లలు వేయించి, పక్కనున్న బస్సుల డిపో వాళ్ళకి భోజనం పెట్టడం మొదలుపెట్టింది. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు వరస కట్టారు. బాబాయి ప్రాణం కుదుటపడింది.

పిన్ని నోరు మంచిది కాదని వీధిలో అనుకుంటారు. నిజానికి ఆ నోరు లేకపోతే ఆయన్ని ఎప్పుడో నమిలి మింగేసేవాళ్ళు. ఆయన ఎవరినీ ఏమీ అడగడు. ఎడమ చేతి రెండు వేళ్ళకి కొసలు లేవేమని అడిగితే, ఉల్లిపాయలు తరుగుతుంటే తెగాయని చెప్పేవాడు. పిన్ని కూడా చాలాకాలం అదే నమ్మింది. ఒకసారి ఆయనతో పనిచేసిన మనిషొకడు ఇంటికొచ్చి అసలు సంగతి చెప్పాడు. పైనుంచి గుండ్లు పడుతుంటే, అన్నం డబ్బాలు వీపుకి కట్టుకుని, మంచుకొండ ఎక్కి, పైనున్న వాళ్ళకి వేడి తిండి అందించి వచ్చేవాడట. వేళ్ళు ఆ మంచుకే పోయాయి. ఆ రోజు పిన్ని మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఇలా ఉండగా, సైన్యంలో పనిచేసి వచ్చిన వాళ్ళకి ఊరంతా కలిసి కృతజ్ఞతలు చెప్పాలని పట్టణ సంఘం వాళ్ళు తలపెట్టారు. కొత్తగా రంగులేసిన పెద్ద హాల్లో వాళ్ళని ముందు వరసలో కూర్చోబెడతారు. ఒక్కొక్కరినీ పిలుస్తుంటే జనం లేచి చప్పట్లు కొడతారు. తర్వాత అందరికీ భోజనం. సంఘం అధ్యక్షుడు వీధి మలుపు తిరగడం కిటికీలోంచి చూడగానే, పిన్ని పెట్టెలోని బాబాయి కోటు తీసి దులిపింది.

అధ్యక్షుడు కూర్చుని, మంచినీళ్ళు తాగి, "వంట నువ్వే చెయ్యాలి బాబాయ్. రెండు వందల మంది ఉంటారు" అన్నాడు.

బాబాయి మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య, ఇన్నాళ్ళకి చెప్పుకోదగ్గ వంట" అన్నాడు.

"మరి ఈయన కుర్చీ ఎక్కడ?" అంది పిన్ని, కోటు చేతిలో అలాగే పట్టుకుని.

"కుర్చీలు యుద్ధం చేసినవాళ్ళకి పిన్నీ. బాబాయిది వంటే కదా" అన్నాడు అధ్యక్షుడు. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. మనిషి చెడ్డవాడు కాదు, అంతవరకే ఆలోచించాడు.

"నిజమేగా" అన్నాడు బాబాయి.

అధ్యక్షుడి మాట కంటే ఆ "నిజమేగా" పిన్నికి ఎక్కువ గుచ్చుకుంది. జవాబు చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ మాట్లాడకపోతే భయపడాలని అధ్యక్షుడికి తెలియదు పాపం.

ఆ రోజు రానే వచ్చింది. హాలు కిటకిటలాడింది. వెనక వంటగదిలో పెద్ద పెద్ద గంగాళాలు పొంగుతున్నాయి, రొట్టెల వాసన కుర్చీల దాకా వస్తోంది. ఒక్కొక్క పేరూ పిలుస్తుంటే, బాబాయి గరిటె చంకలో ఇరికించుకుని, తలుపు సందులోంచి చూస్తూ అందరితోపాటు చప్పట్లు కొడుతున్నాడు. అది చూసి పిన్ని వంటగది తాళం చేతిలోకి తీసుకుంది.

"ఇక భోజనాలు" అని అధ్యక్షుడు అనగానే, ఆవిడ వంటగది తలుపు మూసి, బాబాయిని గంగాళాలతో సహా లోపలే పెట్టి తాళం వేసింది. తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఇదేం పని పిన్నీ? పెద్దవాళ్ళు ఆకలితో ఉన్నారు" అన్నాడు అధ్యక్షుడు కంగారుగా.

"ఉండనీ నాయనా. తిండి రాకపోతే ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు, తెచ్చేవాడి విలువా తెలుసు. తెలియంది నీకే. ముందు వరసలో ఒక్క కుర్చీ వెయ్యి, తాళం తీస్తాను."

లోపలినుంచి తలుపు చప్పుడైంది. "ఏమేవ్, రొట్టెలు చల్లారిపోతున్నాయే" అని బాబాయి గొంతు వినబడింది. హాలంతా నవ్వింది. పిన్ని నవ్వలేదు.

ముందు వరసలో ఉన్న కర్నల్‌గారు కర్ర ఊతంతో లేచారు. "లోపలున్నది ఎవరు చెల్లెమ్మా?"

"మా ఆయనండీ. మీ సైన్యంలోనే వంట చేశారు. కొండ మీదికి అన్నం మోస్తూ వేళ్ళు పోగొట్టుకున్నారు. అడిగితే ఉల్లిపాయలు తరిగానంటారు."

చివరి కుర్చీలోంచి ముసలి జవాను ఒకాయన లేచాడు. "గుండ్లు పడుతున్నప్పుడు మా దగ్గరికి ఎక్కి వచ్చేవాళ్ళు ఇద్దరేనమ్మా. ఒకడు తూటాలు మోసేవాడు, ఒకడు కూడు మోసేవాడు. కూడు మోసేవాడికి చేతిలో తుపాకీ పట్టే వీలు కూడా ఉండేది కాదు" అన్నాడు.

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. అధ్యక్షుడు తన కుర్చీ తనే ఎత్తుకొచ్చి ముందు వరస నడిమధ్యన వేశాడు. "నాదే పొరపాటు పిన్నీ" అన్నాడు తల దించుకుని. పిన్ని తాళం తీసింది.

నడుముకి గుడ్డ, చేతిలో గరిటెతో బాబాయి బయటికొచ్చాడు. జనమంతా లేచి నిలబడి ఉన్నారు. చప్పట్లకి కిటికీ అద్దాలు అదిరాయి. ఆయనకి ఏం చెయ్యాలో తోచక, "ముందు వడ్డన కానివ్వండి, నేను తర్వాత కూర్చుంటాను" అన్నాడు.

కర్నల్‌గారు గరిటె లాక్కున్నారు. "ఏడాదికోసారి అధికారులు వడ్డించాలి, జవాన్లు కూర్చుని తినాలి. మన పద్ధతి మర్చిపోయావా?"

"ఆ రోజు కూడా మేం వంటగదిలోనే ఉండేవాళ్ళం సార్."

కర్నల్‌గారు బాబాయి నడుముగుడ్డ విప్పించి తను కట్టుకోబోయారు. అది ఆయన బొజ్జకి చాలలేదు. పిన్నే వెనక నిలబడి ఎలాగో ముడేసింది.

బాబాయి కుర్చీ అంచున కూర్చున్నాడు. మొదటి కంచం ఆయనకే వచ్చింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. ఉప్పెక్కువైందేమోనని పిన్ని మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

"వేడిగా తింటే ఇంత బాగుంటుందా?" అన్నాడాయన మెల్లిగా. అందరూ తిన్నాక, చల్లారి అడుగంటింది తినడమే తప్ప, ఆయన వంట ఆయన వేడిగా ఎన్నడూ తినలేదు.

పిన్నికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా తల ఎత్తే నిలబడింది. ఆవిడ గెలిచింది. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు.

బాబాయి కంచం ఖాళీ చేసి, కర్నల్‌గారి వైపు చాచాడు.

"ఇంకాస్త వడ్డించండి సార్" అని అడిగాడు.