చివరి గదిలో అక్క

ఆ ఆడపిల్లల హాస్టల్‌కి ఆవిడ వార్డెన్. పిల్లలంతా పిన్నీ అని పిలిచేవారు. స్కూలు ముగించి కాలేజీలో చేరిన పిల్లలను ఏటా మెట్ల మీద కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు చెప్పేవారు.

"ఇక్కడ క్లాసుకి ఎందుకు రాలేదని అడిగే నాథుడు ఉండడర్రా. మీ అంతట మీరే వెళ్లాలి. పాఠం అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడగండి. ఇల్లు గుర్తొస్తే ఏడవండి, తప్పులేదు. కానీ గదిలో ఒక్కరే కూర్చుని ఏడవకండి."

పిల్లలు కిసుక్కున నవ్వేవారు. ఆవిడా నవ్వేసేవారు.

ఒక ఏడు వచ్చినవాళ్లలో బక్కపలచని పిల్ల ఒకతె ఉండేది. స్కూల్లో ఎప్పుడూ ఫస్టేనట. ఇక్కడ లెక్కల క్లాసులో ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. అడిగితే నవ్వుతారేమోనని నోరు కుట్టేసుకుంది. ఆమెది నడవా చివరి గది. తోడు రావలసిన అమ్మాయి చేరకపోవడంతో రెండో మంచం ఖాళీగానే ఉండిపోయింది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం, అందరూ కాలేజీకి వెళ్లిన వేళ, పిన్నిగారు కుళాయి కట్టడానికి పైకి వెళ్లారు. చివరి గదిలోంచి మాటలు వినిపించాయి. తలుపు తోసి చూస్తే, ఆ పిల్ల ఖాళీ మంచం వైపు తిరిగి కూర్చుని ఉంది.

"ఎవరితోనే ఆ మాటలు?"

"అక్కతో పిన్నీ. క్లాసుకి వెళ్లక్కర్లేదంది. తనూ వెళ్లేది కాదట."

"ఏ అక్కే?"

పిల్ల వింతగా చూసింది. "అదేంటి పిన్నీ, మీ ఎదురుగానే కూర్చుంటే!"

పిన్నిగారు ఖాళీ మంచం వైపు చూశారు. పరుపు మధ్యలో నొక్కుకుపోయి ఉంది. చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. అంతలో, ఎవరో లేచినట్టు పరుపు మెల్లగా పొంగి సాపయింది.

"లే, పద" అంటూ పిల్ల చెయ్యి పట్టుకున్నారు.

"తనతో ఇంతకుముందు ఎవరూ మాట్లాడలేదట పిన్నీ. నేనూ వెళ్లిపోతే ఎలా?"

పిన్నిగారు గుండె చిక్కబట్టుకుని ఖాళీ మంచం వైపు తిరిగారు. "దీన్ని వదిలెయ్యమ్మా. ఇది చదువుకోవాలి. మాటకి మనిషి కావాలంటే నేనొస్తాను."

ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. మరుక్షణం పిల్ల లేచి వచ్చేసింది.

ఆ పూటే ఆమెను ముగ్గురు వసపిట్టలున్న గదికి మార్చారు. వాళ్లు ఆమెను ఊరికే కూర్చోనిస్తేగా! లెక్కల మాస్టారి దగ్గరికి లాక్కెళ్లి నిలబెట్టారు. తీరా చూస్తే సగం క్లాసుకీ అదే అనుమానం! మొదటి పరీక్షలో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్ల, ఆ తర్వాత బాగానే పుంజుకుంది. అక్క సంగతి అడిగితే మాత్రం "ఏ అక్క?" అనేది.

చివరి గది మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. పిన్నిగారు మాట తప్పలేదు. పిల్లలు కాలేజీకి వెళ్లాక కూరగాయల బుట్ట పట్టుకుని ఆ గదిలోకి వెళ్లి, తరుగుతూ కబుర్లు చెప్పేవారు. ఒకసారి ఆవిడను పిలవడానికి వెళ్లిన వంటమనిషి తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల ఇద్దరు నవ్వుతున్నారు. మర్నాటి నుంచి ఆమె ఆ మెట్లు ఎక్కడం మానేసింది.