కలెక్టరు గారు సెలవిచ్చిన సోమవారం

జిల్లాలు విడిపోయిన మరుసటి ఏడు వేసవిలో నన్ను డోన్‌కు బదిలీ చేసి, డివిజన్ కార్యాలయంలో పరిపాలనాధికారిగా వేశారు. హోదా తహసీల్దారుదే గానీ జీపు ఉండదు, జనం ఉండరు, ఎటు చూసినా ఫైళ్ళే. కింది ఉద్యోగుల మీద వచ్చే అభియోగాలను విచారించి నివేదిక ఇవ్వడం కూడా ఆ కుర్చీ పనుల్లో ఒకటి. అలా నా బల్ల మీదికి వచ్చిన వాటిలో ఖాజా కేసు ఒకటి. ఇప్పటికీ తలచుకుంటే నవ్వాగదు.

ఖాజా బేతంచెర్ల అవతల ఒక ఊరికి తలారి. కాగితాల్లో గ్రామ రెవెన్యూ సహాయకుడు అంటాం. పై నుంచి వచ్చిన మాటను ఊరికి చాటడం, ఊరి సంగతిని పైకి చేర్చడం అతని పని. తప్పెట కాలం పోయి చాలా రోజులైంది. మోటారు సైకిలుకు మైకు కట్టుకుని వీధివీధీ తిరిగేవాడు. గొంతు మంచిది, ఆ సంగతి అతనికీ తెలుసు.

అసలు చిక్కంతా ఒక క్రియాపదంతో వచ్చింది. ఫలానా పని చెయ్యమని చెప్పడానికి మా శాఖలో ఉన్నన్ని మాటలు ఇంకెక్కడా ఉండవు. కలెక్టరు ఆదేశిస్తారు, ప్రభుత్వం ఉత్తర్వులు జారీ చేస్తుంది, తహసీల్దారు తాఖీదు పంపుతాడు, గుమాస్తా బంట్రోతుకు పని పురమాయిస్తాడు. నవాబుల నాటి హుకుం ఇంకా మా వైపు ఇళ్ళలో బతికే ఉంది, ముఖ్యంగా అత్తగార్ల విషయంలో. ఆజ్ఞాపించడం మాత్రం నాటకాల్లో రాజులకే వదిలేశాం. ఏ మాట ఏ కుర్చీకి తగునో కొత్తగా చేరిన గుమాస్తాకు తెలియడానికే ఏడాది పడుతుంది.

ఖాజా పై అధికారి అయిన తహసీల్దారు గారికి ఇవేవీ ఆనలేదు. ఆయన తెలుగు ఎమ్మే. సెలవు చీటీ మీద కూడా సంధి విడదీయకుండా సంతకం పెట్టగల మనిషి. మంచివాడే, కాకపోతే మామూలు మాట రాయాలంటే కలం కదిలేది కాదు. భూముల రీసర్వే సాగుతున్న రోజులవి. ఆ ఊళ్ళో సర్వే సోమవారం మొదలుపెట్టాలని కలెక్టరు గారు ఆదేశించారు. తహసీల్దారు గారు మండలం వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టారు: "సోమవారం నాటి రీసర్వేకు కలెక్టరు వారు సెలవిచ్చియున్నారు. గ్రామస్థులకు చాటించగలరు."

పెద్దలు ఆజ్ఞ ఇవ్వడాన్ని సెలవివ్వడం అనడం తెలుగులో ఉన్నదే. కానీ ఖాజా ఇద్దరు పిల్లల్ని బడికి పంపుతున్న తండ్రి. అతనికి తెలిసిన సెలవు ఒక్కటే. ఆ సాయంత్రమే బండి తీసి, సోమవారం సర్వేకు కలెక్టరు గారు సెలవిచ్చారు, ఎవరి పనులు వాళ్ళు చూసుకోవచ్చునని ఊరంతా చాటాడు.

సోమవారం పొద్దున్నే కలెక్టరు గారు స్వయంగా వచ్చారు. ఉత్తరాది ఆవిడ, పట్టుబట్టి తెలుగు నేర్చుకున్నారు. వెనక తహసీల్దారు, సర్వేయర్లు, డ్రోను, రెండు జీపులు. ఊళ్ళో ఏ ఇంటికి చూసినా తాళమే. రచ్చబండ మీద ఒక ముసలాయన కూర్చుని ఉంటే, జనమంతా ఎక్కడికి పోయారని ఆవిడ అడిగారట. "మీరే గదమ్మా సెలవిచ్చింది! అందరూ డోన్‌కు పెండ్లికి పోయినారు. నాకు మోకాళ్ల నొప్పులు, అందుకే ఈడ కూచోనుండా" అన్నాడట ఆయన. "నేనా?" అని ఆవిడ తహసీల్దారు వైపు తిరిగారు. ఆ మధ్యాహ్నానికే ఖాజా సస్పెండయ్యాడు.

అభియోగం రెండు ముక్కలు: పై అధికారి ఆదేశాన్ని ధిక్కరించడం, ప్రజలను తప్పుదోవ పట్టించడం. రుజువైతే ఉద్యోగం పోతుంది. తలారి ఉద్యోగం పోతే ఆ వయసులో నాపరాతి పలకల పాలిష్ ఫ్యాక్టరీలో దుమ్ము మింగడం తప్ప ఖాజాకు ఇంకో దారి లేదు.

విచారణ మా ఆఫీసులోనే పెట్టాను. ఖాజా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. "సెలవిచ్చినారు అంటే సెలవిచ్చినట్లే గదా మేడమ్. నేను యాడ కొత్త మాట కలిపినా?" అన్నాడు. ఆ తర్వాత తహసీల్దారు గారి వాంగ్మూలం. ఆ క్రియకు ఆజ్ఞాపించు అనే అర్థం ఎంత పాతదో, ఎంత ఘనమైనదో ఆయన చెబుతూ పోయారు, మా టైపిస్టు టైపు చేస్తూ పోయింది. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. నిఘంటువు ఆయన పక్షమే. ఖాజా మీద జాలితో నివేదిక రాయలేను, ఆధారం కావాలి.

సరిగ్గా అప్పుడే తహసీల్దారు గారి డ్రైవరు తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో పిల్లకు జ్వరమని, మధ్యాహ్నం నుంచి సెలవిస్తారా సార్ అని అడిగాడు. ఆయన కాగితం మీంచి తల ఎత్తకుండానే, "సెలవిచ్చినాలే, పోప్పా" అన్నారు.

టైపిస్టు చేతులు ఆగిపోయాయి. తహసీల్దారు గారు మెల్లగా తల ఎత్తి నన్ను చూశారు, ఖాజాను చూశారు. ముందు నవ్వింది ఆయనే. కడుపు పట్టుకుని, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఇది కూడా నమోదు చేయమంటారా అని అడిగాను. "రాసుకోండి మేడమ్, రాసుకోండి. సెలవంటే నేనే పోప్పా అంటి, ఊరు పోకుండా ఏం చేస్తుంది?" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఆధారం దొరికింది కనుక నివేదిక తేలిగ్గా రాశాను. ఆదేశంలోని మాట వ్యవహారంలో లేని అర్థంలో వాడబడిందని, సదరు ఉద్యోగి వ్యవహారంలో ఉన్న అర్థాన్నే చాటాడని, దీనిలో ధిక్కారం లేదని తేల్చాను. ఫైలు కలెక్టరు గారి దాకా వెళ్ళింది. డ్రైవరు ఘట్టం రెండుసార్లు చదివించుకుని ఆవిడ పెద్దగా నవ్వారని విన్నాను. సస్పెన్షన్ రద్దయింది. సర్వే ఇంకో సోమవారం పెట్టుకున్నారు, ఊరంతా వచ్చింది.

ఖాజాకు ఇవ్వవలసిన ఉత్తర్వును నేనే తయారు చేశాను: "తక్షణమే విధులలో చేరవలసిందిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది." అతను తీసుకుని చదివాడు, మళ్ళీ చదివాడు, కదలకుండా నిలబడ్డాడు. సంతోషం పట్టలేక నిలబడ్డాడేమో అనుకున్నాను.

"మేడమ్, తప్పుగా అనుకోవద్దు. శానా పెద్ద మాటలు ఉండాయి ఇందులో. ఇంతకీ నన్ను రమ్మన్యారా, వద్దన్యారా?"

"రమ్మన్నాం ఖాజా" అన్నాను.

అప్పుడు కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఉద్యోగ విరమణ దాకా నేను తయారు చేసిన ప్రతి ఉత్తర్వు చివర రావాలి, చేయాలి, ఇవ్వాలి అనే రాశాను. పైవాళ్ళు ఒకరిద్దరు భాష పలచబడిందన్నారు. దేనికీ అర్థం అడుగుతూ ఎవరూ తిరిగి రాలేదు.