మంజీర పడవకు ఏ పంకా?

1985 వేసవి చివర నన్ను జహీరాబాద్‌లోని నీటిపారుదల శాఖ వర్క్‌షాపుకు అసిస్టెంటు ఇంజనీరుగా వేశారు. రోడ్డు రోలర్లు, పంపుసెట్లు, ట్రాక్టర్లు బాగుచేయడం మా పని. చేరీచేరగానే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మంజీర మీద ఆనకట్ట పని జరిగేచోట తిరగడానికి ఒక ఇనుప పడవ వచ్చిందట. వానలు పడేలోగా దానికి ఇంజను బిగించి నీళ్లలోకి దించాలి. పనివాళ్లను, రోగులను అవతలి ఒడ్డు నుంచి వేగంగా తేవాలి. చెరుకు బళ్లు తప్ప వేరే బరువులెరుగని జహీరాబాద్‌కు పడవ పని అప్పజెప్పిన మహానుభావుడెవరో నాకు ఈనాటికీ తెలియదు!

పడవ నడపడానికి సాయన్నను నియమించారు. అతనిది అవతలి ఒడ్డున చిన్న పల్లె. భార్య లక్ష్మి తొలి కాన్పుకు ఇవతలి దవాఖానకని బుట్టలాంటి పుట్టిలో నది దాటేసరికి ఆలస్యమై బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి. రోజూ వచ్చి నా ముందు నిలబడేవాడు.

"జర జల్ది చెయ్యున్రి సార్. పోయినసారి నీళ్ల నడుమనే అంత అయిపాయె."

ఇంజను మహా వేగంగా తిరుగుతుంది. ఆ చుట్లను గేరుపెట్టె తగ్గించి, పడవ వెనక నీళ్లలో తిరిగే పంకాకు, అంటే ప్రొపెల్లర్‌కు అందిస్తుంది. ప్రొపెల్లర్ రెక్కల వాలును బట్టి ఒక్క చుట్టుకు అది నీళ్లను తొలుచుకుంటూ ఎంత ముందుకు పోవాలో ఆ దూరాన్ని పిచ్ అంటారు. మాకు పెద్ద పిచ్‌ది ఒకటి, చిన్న పిచ్‌ది ఒకటి వచ్చాయి. గేరుపెట్టెలో వేసుకోవడానికి పళ్లచక్రాలు కూడా రెండు జతలు. ఒకటి చుట్లను బాగా తగ్గించేది, ఒకటి కొంచెమే తగ్గించేది. ఏది దేనితో జోడించాలో చెప్పేవాడు మాత్రం రాలేదు. నాకు తల తిరిగిపోయింది.

మా హెడ్ మెకానిక్ ఖాజామియా ట్రాక్టర్లలోనే పుట్టి పెరిగిన మనిషి. బాగుచేసిన ట్రాక్టర్ చేత బురదలో దిగబడ్డ చెరుకు బండిని గుంజించి చూస్తే తప్ప అక్కడి రైతు దాన్ని ఇంటికి తీసుకుపోడు. "పంకా అయితేంది, చక్రం అయితేంది సార్? గుంజితే తాకత్ తెలుస్తది," అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. ఒడ్డున ట్రాక్టర్ నిలిపి, పడవను ఇనుప తాడుతో దానికి కట్టి ఇంజను జోరు పూర్తిగా పెంచాం. పెద్ద పిచ్ ప్రొపెల్లర్, కొంచెమే తగ్గించే పళ్లచక్రాలతో నల్లటి పొగ కక్కి ఇంజను ఉక్కిరిబిక్కిరయింది. చిన్నది బిగించి, బాగా తగ్గించే పళ్లచక్రాలు వేస్తే బ్రేకు వేసిన ట్రాక్టరే నీళ్లవైపు జరిగింది. చూసేవాళ్లు ఈలలు వేశారు.

తాడు విప్పాం. ఇంజను గోల ఆకాశానికంటింది గాని పడవ గేదె ఈదినట్టు పోయింది. గుంజుడులో గెలిచింది నడకలో ఎందుకు ఓడింది? నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"గిట్ల పోతే నా పెండ్లాం గతేంది సార్?" అన్నాడు సాయన్న.

చాలా మథనపడ్డాక విషయం తట్టింది. కట్టేసిన పడవకు నీళ్లు ఎదురు రావు. బరువంతా రెక్కల మీదే పడుతుంది. పడవ పరుగెత్తితే నీళ్లు ఎదురొచ్చి రెక్కలు తేలికపడతాయి. చిన్న పిచ్‌ది ఎంత తిరిగినా చుట్టుకు పోయేది కొంచెమే. కట్టేసినప్పటి పొగ చూసి మేం వేగమిచ్చేదాన్ని పక్కన పడేశాం. పెద్ద పిచ్‌ది బిగించి, కొంచెమే తగ్గించే పళ్లచక్రాలు వేసి ముగ్గురం ఎక్కాం. పడవ దూసుకుపోయింది. "ఇదేం ఉల్టా లెక్క సార్!" అన్నాడు ఖాజామియా. సాయన్న నవ్వడం అదే మొదటిసారి చూశాను.

వానలు మొదలై నది నిండాక లక్ష్మికి నొప్పులొచ్చాయని కబురందింది. సాయన్న, నేను వెళ్లాం. లక్ష్మి ఎక్కింది. వెనకే అత్త, తల్లి, మేనత్త, మంత్రసాని, ఇరుగుపొరుగు ఆడవాళ్లు, మూటలు, నీళ్ల కాగు! రోగి, తోడు ఒక్కరు చాలన్నాను.

"పిల్లను ఒక్కదాన్ని ఎట్ల పంపుతం సారూ? నొప్పులు నువ్వు పడ్తవా?" అంది అత్త. అందరూ నవ్వారు. ఒక్కరూ దిగలేదు.

పడవ వెనకభాగం కుంగింది. ఇంజను వేగం అందుకోలేదు. మళ్లీ అదే నల్లపొగ, ట్రాక్టర్‌కు కట్టినప్పటిలాగే. "దిగమంటే దిగకపోతిరి! ఏం జేద్దాం సార్?" అని సాయన్న అరిచాడు. నడి నీళ్లలో ఎవరిని దించగలం? ఇంజను ఆగిపోకుండా మెల్లగా పోనిమ్మన్నాను. నాకు నిజంగా భయమేసింది.

ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే ఆ ఆడవాళ్లు లేచి చుట్టూ చీరలు అడ్డుపట్టారు. మంత్రసాని ఒకటి అడిగేలోపు నాలుగు చేతులు అందించాయి. కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది. సాయన్న చుక్కాని వదిలేసి వెనక్కి తిరిగాడు. పడవ ఒక చుట్టు తిరిగింది. నేను వెళ్లి చుక్కాని పట్టుకున్నాను. నేను ఒడ్డున వదిలేద్దామనుకున్న బరువే ఆ రోజు దవాఖాన అయింది.

తరవాత అదే పెద్ద పిచ్ ప్రొపెల్లర్‌కు బాగా తగ్గించే పళ్లచక్రాలు వేశాం. ఆ ఆడవాళ్లందరినీ మూటలతో సహా ఎక్కించి, ఇంజను తన పూర్తి వేగం అందుకున్నాకే పడవను ఆనకట్టవాళ్లకు అప్పగించాం. ఖాళీ పడవంత జోరు లేదు గాని, నిండుగా ఉన్నా పొగ లేకుండా పోయింది. అప్పటినుంచి నా సర్వీసులో ఏ యంత్రం వచ్చినా అశ్వశక్తి సంగతి తరవాతే. దీనిమీద ఎవరెవరు ఎక్కుతారని ముందు అడిగేవాణ్ని.