ఎర్ర దారం ముడి

జిగురత్త అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. పుస్తకాలు బైండింగ్ చేస్తుంది. ముప్పై ఏళ్లుగా చేతులకు మైదా జిగురు వాసన వదలలేదు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. ఒకసారి దొరికితే ప్రార్థన చేయించకుండా వదలదు కాబట్టి వచ్చిందని ఇంకొందరంటారు. రెండూ నిజమే.

ఆవిడ నోట రోజుకు ఇరవైసార్లయినా వచ్చే మాట ఒకటుంది. కరెంటు పోతే, "దేవుడు మంచివాడు, కోతమిషన్ మీద చెయ్యి లేనప్పుడు పోయింది" అంటుంది. కుట్టు దారం తెగితే, "దేవుడు మంచివాడు, పుస్తకం వాళ్లింటికి వెళ్లాక తెగలేదు" అంటుంది. సూది గుచ్చుకున్నా అదే మాట. కాకపోతే ముందొక "అబ్బా" ఉంటుంది.

మూడేళ్ల క్రితం కోడలుగా వచ్చిన పిల్లకు మొదట్లో ఈ మాట వింటే ఒళ్లు మండేది. ఎవరికైనా మండుతుంది మరి. "మీ అమ్మ ఒక కాలు విరిగితే రెండోది బాగుందని స్తోత్రం చెప్పే రకం" అని మొగుడితో అంది. అతను లారీ డ్రైవరు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాడు. "అమ్మంతే" అని నవ్వేసి బండెక్కి పోయాడు. మగాళ్లకేం, ఎన్నయినా నవ్వుతారు. రోజంతా ఆ మాట వినాల్సింది కోడలు కదా.

అయినా మూడేళ్లలో ఆ పిల్ల పని నేర్చుకుంది. ఇంటి ముందుగదే షాపు. కిటికీ దగ్గర అత్త కుట్టు బల్ల, గోడవారగా చక్రం తిప్పి బిగించే ఇనప ప్రెస్సు, మూల కోతమిషను. కుట్టడం అత్తది. భుజం నొప్పి వచ్చాక కోయడం మాత్రం కోడలికి వదిలేసింది. కుట్టి, జిగురు పెట్టి, ఆరబెట్టిన పుస్తకాన్ని మిషన్‌లో పెట్టి పిడి లాగితే మూడు వైపులా అంచులు గోరెడు మేర తెగి, పుస్తకం నున్నగా వస్తుంది. ఆ తెగిన పీలికలన్నీ కింద సంచిలో పడతాయి.

అన్ని పుస్తకాలకూ అంచు కోయకూడదు. పక్క జాగాలో ఎవరైనా చేత్తో రాసుకుని ఉంటే కత్తి ఆ రాతనూ కోసేస్తుంది. అలాంటి పుస్తకం వస్తే అత్త దానికి ఎర్ర దారం చుట్టి, రెండు చెవుల ముడి వేసి, ఆ చెవుల మీద మళ్లీ ఒక చిన్న ముడి వేసేది. ఎర్ర దారం ఉంటే కత్తి తగలకూడదు. షాపులో ఉన్న చట్టమల్లా అదొక్కటే.

ఆ సంగతి ఇలా ఉండగా ఒక సోమవారం టీచరమ్మ వచ్చింది. రిటైరై పదేళ్లయింది, భర్త పోయి ఏడాదయింది. చేతిలో అట్ట ఊడిపోయిన పుస్తకం. రోజుకో పుట చొప్పున ఏడాది పొడవునా చదువుకునే ధ్యానాల పుస్తకం అది. ఆవిడ భర్త రైలు గార్డుగా చేసేవాడు. ఇరవై ఏళ్లపాటు ఆ పుస్తకం పెట్టెలో పెట్టుకుని తిరిగి, ప్రతి పుట పక్కనా ఆ రోజు దేవుడు చేసిన మేలు పెన్సిలుతో రాసుకున్నాడట.

"ఆదివారం ఆయన పోయి ఏడాది. ఆరాధనలో ఇందులోంచి ఒక పుట చదవాలమ్మా" అంది టీచరమ్మ.

"శనివారానికి మీ చేతిలో ఉంటుంది" అంది అత్త. కోడలు అప్పుడు బజారుకెళ్లి ఉంది.

గురువారం పొద్దున కోడలు షాపు ఊడుస్తోంది. ఆ రోజు వాళ్లక్క వస్తోంది, పని త్వరగా తెమల్చుకోవాలని తొందర. ప్రెస్సు కింద ఎర్ర దారం ఒకటి కనిపించింది, ముడితో సహా. ఏ పాత పుస్తకానిదోలే అనుకుని చెత్తతో పాటు పీలికల సంచిలో పడేసింది. తర్వాత ప్రెస్సులోంచి పుస్తకం తీసి, మిషన్‌లో పెట్టి, పిడి లాగింది. అంచు వెన్నలా తెగింది. బాగా కోశానని మురిసిపోతూ పుటలు గలగలా తిప్పి చూసింది.

ప్రతి పుట పక్కనా పెన్సిలు రాత. ప్రతి వరుసా చివర తెగిపోయి ఉంది.

ఆ పిల్ల పుస్తకం బల్ల మీద పెట్టేసింది. దారం గుర్తొచ్చింది. ప్రెస్సు చక్రం బిగిస్తుంటే జారిపోయి ఉంటుందని అప్పుడు తట్టింది. ఊడ్చేముందు ఒక్క క్షణం ఆలోచిస్తే సరిపోయేది. తొందరపడితే ఏమవుతుందో అదే అయింది.

అత్త వంటింట్లోంచి వచ్చి పుస్తకం చూసింది. కేకలు వేస్తుందనుకుంది కోడలు. వేస్తే బాగుండేది. ఆవిడ మెల్లగా స్టూలు మీద కూర్చుంది.

"దారం కట్టలేదా నేను?" అంది.

కోడలు చీపురు తీసి మూలన పెట్టింది.

"కట్టాననే అనుకున్నాను. కళ్లముందు కనిపిస్తోంది కూడా, కట్టినట్టు. మా అమ్మకూ ఇలాగే మొదలైందే అమ్మాయ్. పొయ్యి ఆర్పాననేది, మండుతూ ఉండేది. మూడేళ్లు తిరిగేసరికి నా పేరు మర్చిపోయింది." ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "ఈ పుస్తకం బాగుచేసి ఇచ్చేసి ఇక మానేస్తాను. రేపు ఇంకొకరి పుస్తకం పాడుచేసే హక్కు నాకు లేదు."

అప్పుడు చెప్పాలి. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడింది. చెబితే మొగుడికి తెలుస్తుంది, వీధికి తెలుస్తుంది, ఒక్క కోత కూడా సరిగా చేయలేని కోడలని పేరొస్తుంది. ఈ లెక్కలన్నీ వేసుకుంది. అత్త మాత్రం కళ్లు తుడుచుకుని, "దేవుడు మంచివాడు. ఇవాళ నాకు అర్థం కాలేదంతే" అంది.

మూడేళ్లలో ఆ మాట విన్న ఏ రోజూ కోడలికి అంత బరువుగా అనిపించలేదు. ఇన్నాళ్లూ ఈవిడకు కష్టం తెలియక ఆ మాట అంటోందనుకుంది. తెలిసే అంటోందని అప్పుడర్థమైంది.

ఇద్దరూ పీలికల సంచి బల్ల మీద గుమ్మరించారు. మొదట కోడలి చేతికి తగిలింది ఎర్ర దారమే. చటుక్కున ఏప్రాన్ జేబులో దోపుకుంది. తప్పు చేయడం ఒకెత్తు, దాన్ని దాచడం ఇంకొకెత్తు. ఆ రెండో పని కూడా ఆ పిల్ల చేసింది. ఎంత ఇష్టమైన మనిషి కథ చెబుతున్నా ఆ మాట దాచకూడదు.

నూట ఎనభై మూడు ఆకులు. ఒక్కో పీలికను వెతికి, తెగిన అక్షరాలకు ఆనించి, రెండు వైపులా రాత కనబడేంత పలచటి కాయితం జిగురుతో అతికించాలి. అక్క వచ్చి, ముభావంగా ఉన్న చెల్లెల్ని చూసి, కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. అత్త అతికించేది, కోడలు పీలికలు వెతికి అందించేది. రాత సరిగ్గా కలిసిందో లేదో చూడాలంటే చదవక తప్పదు.

"బండి రెండు గంటలు ఆలస్యం. కిటికీలోంచి వాన చూశాను."

"పెద్దదానికి జ్వరం తగ్గింది."

"ఇవాళ ఏమీ జరగలేదు. స్తోత్రం."

ఇది చదివి అత్త రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది. "చూశావా, నాకంటే ముదురు ఈయన" అంది. తర్వాత పుటలో, "ఇంట్లో గొడవ. తప్పు నాదే. చెప్పేశాను. అన్నం సహించింది" అని ఉంది. కోడలు ఆ పీలిక అందించి తల తిప్పుకుంది. తనకు రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

శనివారం మధ్యాహ్నానికి అన్నీ అతికాయి, ఒక్కటి తప్ప. సంచి మూడుసార్లు దులిపారు. మిషన్ కింద వెతికారు. దొరకలేదు. గార్డుగారు చివరి రోజుల్లో రాసుకున్న పుట అది.

టీచరమ్మ నాలుగింటికి వచ్చింది. అత్త కుర్చీ వేసి, పుస్తకం ఆవిడ ముందు పెట్టి, నిలబడే చెప్పింది.

"టీచరమ్మగారూ, నావల్ల పెద్ద తప్పు జరిగింది. గుర్తుగా దారం కట్టడం మర్చిపోయాను. అంచు తెగిపోయింది. దొరికినంత అతికించాం. ఒక్క పీలిక దొరకలేదు. నన్ను క్షమించండి. ఇదే నా ఆఖరి పుస్తకం."

కోడలి మీద ఈగ వాలనివ్వలేదు ఆవిడ. పిడి లాగింది ఎవరో కూడా చెప్పలేదు.

టీచరమ్మ పుటలు తిప్పింది. అతుకుల మీద వేలు పెట్టి తడిమింది. పీలిక లేని పుట దగ్గర ఆగి, గట్టిగా చదివింది. "డాక్టరు చెప్పేశాడు. భయంగా ఉంది. అయినా..."

ఆ తర్వాత ఖాళీ.

"ఇక్కడేం ఉండేదమ్మా?" అంది అత్త.

"నాకూ గుర్తులేదు." టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ముఖం చిన్నబోయింది. బాధ లేదని అబద్ధం చెప్పే మనిషి కాదు ఆవిడ. "ఈ ఒక్కటీ దొరికుంటే బాగుండేది" అంది. మళ్లీ తనే అంది, "పోనీలెండి. మాట పోయింది గానీ, రాసిన మనిషి నాకు తెలుసు. నలభై ఏళ్లు కాపురం చేశాను. 'అయినా' అన్నాక ఆయన చెడ్డమాట రాయడు. రేపు ఈ పుటే చదువుతాను."

రాసిన మనిషి నాకు తెలుసు. ఆ మాట కోడలికి సూటిగా తగిలింది. ఎదురుగా ఉన్న అత్త తనకు తెలియదా? మూడేళ్లు పక్కన కూర్చుంది. తన తప్పు ఇది అని చెబితే ఈ మనిషి ఏం చేస్తుందో తెలియదా? ఎవర్ని చూసి భయపడుతున్నట్టు తను?

జేబులోంచి ఎర్ర దారం తీసి బల్ల మీద పెట్టింది.

"అత్తయ్యా, మీరు మర్చిపోలేదు. మీరు కట్టారు. అది జారి ప్రెస్సు కింద పడితే నేనే ఊడ్చేశాను. తర్వాత సంచిలో దొరికితే దాచేశాను. మీరు మీ అమ్మగారి సంగతి చెబుతుంటే కూడా నోరు విప్పలేదు. తప్పంతా నాది." అంతవరకే చెప్పగలిగింది. తర్వాత ఏడుపు ముంచుకొచ్చింది.

అత్త దారం చేతిలోకి తీసుకుంది. కిటికీ వెలుగులో పెట్టి చూసింది. రెండు చెవులు, వాటి మీద ఇంకో చిన్న ముడి. ఈ ముడి ఊళ్లో ఇంకెవరూ వేయరు.

"నా ముడే" అంది. మళ్లీ చూసింది. "నా ముడే ఇది! టీచరమ్మగారూ, నేను కట్టానండీ! నా బుర్ర బాగానే ఉందండీ!" అని పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కోడల్ని దగ్గరకు లాక్కుని, జిగురు చేతులతోనే ఆ పిల్ల కళ్లు తుడిచింది. "పిచ్చిదానా, మూడు రోజులు ఇంత మంచి వార్త జేబులో పెట్టుకుని తిరిగావటే? తిడతాలే, తర్వాత తీరిగ్గా తిడతా. దేవుడు మంచివాడు!"

టీచరమ్మకు కూడా నవ్వొచ్చింది. "మీ అత్తాకోడళ్ల సంతోషం చల్లగుండ! మరి ఇది ఆఖరి పుస్తకం అన్నారు?"

"ఎవరన్నారు?" అంది జిగురత్త.

సోమవారం పొద్దున ఏడింటికి షాపు తెరిచేసరికి అంచుల్లో రాతలున్న పాత పాటల పుస్తకం ఒకటి వచ్చింది. అత్త దారం ఉండ తీసి కోడలి చేతిలో పెట్టింది.

"ఇకనుంచి నువ్వు కట్టు. ముడి నేను చూపిస్తాను" అంది.

మొదటిసారి కట్టిన ముడి వదులుగా వచ్చింది. విప్పి మళ్లీ కట్టించింది.